నమ్మకం లేని పిల్ల పాడిన ప్రార్థన

కౌన్సెలర్ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళు ఈమధ్య అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తున్నారు. విజయవాడకీ మంగళగిరికీ మధ్య ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చాలా ఏళ్ళు విద్యార్థుల కౌన్సెలర్‌గా చేసి రిటైరయ్యాను కదా, నా దగ్గర ఏవో కిటుకులు ఉంటాయని వాళ్ళ ఆశ. కొన్ని ఉన్నాయి కూడా. మీ కుర్చీ తలుపుకి ఎదురుగా వేసుకోకండి. తలుపు తీయగానే మీ ముఖం కనిపిస్తే సగం మంది పిల్లలు "సారీ మేడమ్, వేరే రూమ్ అనుకున్నా" అని వెనక్కి వెళ్ళిపోతారు. ఏడుస్తున్న పిల్లకి వెంటనే మంచినీళ్ళ గ్లాసు అందించకండి. ఇక ఏడుపు చాలించమన్నట్టు ఉంటుంది. తండ్రి మాట్లాడుతున్నంతసేపూ తల్లి ముఖం చూడండి. మీ దగ్గరికి ఎవరెవరు వచ్చారో, ఏం చెప్పారో మేనేజ్‌మెంట్ వారు అడిగితే నవ్వి ఊరుకోండి. మళ్ళీ అడిగితే నవ్వకుండా ఊరుకోండి.

ఇవన్నీ తేలిగ్గానే చెబుతాను. కానీ వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు లేచి వెళ్ళే ముందు ఇంకో మాట అడుగుతారు. "మేడమ్, కరోనా అప్పుడు దేవుణ్ణి నమ్ముకున్న పిల్లలు గట్టిగా నిలబడ్డారంటారు. నిజమేనా?" అక్కడ నాకు మాట తడబడుతుంది. నిజమే అందామంటే ఒక పిల్ల గుర్తొస్తుంది. కాదందామన్నా ఆ పిల్లే గుర్తొస్తుంది. ఆ పిల్ల సంగతే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను.

డైరెక్టర్ గారి పది నిమిషాలు

నా సర్వీసులో దేవుడి గురించి మాట్లాడటానికి నా గదికి వచ్చిన విద్యార్థి కరోనాకి ముందు ఒక్కరూ లేరు. బ్యాక్‌లాగ్‌లు, ప్రేమలు, హాస్టల్ గొడవలు, ఇంట్లో నాన్నతో మాటల్లేకపోవడం, ఇవే. పరీక్షల ముందు గుడికి వెళ్ళి వచ్చి నుదుట బొట్టుతో కూర్చునేవాళ్ళు గానీ, ఆ బొట్టు గురించి వాళ్ళూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

లాక్‌డౌన్‌లో క్యాంపస్ ఖాళీ అయింది. నా గది పోయి ఫోన్ మిగిలింది. మొదట్లో పిల్లలు సరదాగానే ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరి గొంతులో తేడా వచ్చింది. నిద్ర పట్టడం లేదని ఒకరు, పుస్తకం తీస్తే చదువు ముందుకి కదలడం లేదని ఒకరు. ఇంట్లో ఉన్నది రెండే గదులు కావడంతో ఏడవటానికి చోటు లేక బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఫోన్ చేసేవాళ్ళు.

అప్పుడు మా డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ఆయన లెక్కల ప్రొఫెసర్. నా పైన పనిచేసిన వాళ్ళలో నేను నిజంగా గౌరవించినవాళ్ళు తక్కువ. ఈయన్ని గౌరవించాను, అలాగే ఎక్కువగా పోట్లాడిందీ ఈయనతోనే.

"సరోజ గారూ, రోజూ పొద్దున క్లాసులకి ముందు ఒక ఆన్‌లైన్ ప్రార్థన పెడదామండీ. పది నిమిషాలు. అందరికీ కంపల్సరీ."

"కంపల్సరీ ప్రార్థన ఏమిటి సార్? నమ్మనివాళ్ళు ఉంటారు. వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళు ఉంటారు."

"పట్టుకోవడానికి పిల్లలకి ఏదో ఒకటి ఇవ్వాలి కదండీ."

"పట్టుకోమని బలవంతం చేస్తే అది పట్టుకోవడం ఎలా అవుతుంది సార్?"

 ఆయన గొంతు తగ్గించి, "మా తమ్ముడు పోయాడండీ పోయిన వారం. నాకు ఏం పట్టుకోవాలో తెలియడం లేదు," అన్నారు. అప్పటిదాకా ఆ విషయం కాలేజీలో ఎవరికీ తెలియదు.

కంపల్సరీ తీసేశారు. ఇష్టమున్నవాళ్ళు రావచ్చన్నారు. ఎవరూ రారనుకున్నాను. స్క్రీన్ నిండిపోయింది.

లావణ్య గొంతు

ప్రార్థన పాడటానికి ముందుకొచ్చిన పిల్ల పేరు లావణ్య. సెకండ్ ఇయర్. మైలవరం దాటాక ఒక ఊరు వాళ్ళది, మామిడి తోటల రైతులు. సన్నగా, కళ్ళజోడుతో, క్లాసులో ఎవరికీ పెద్దగా గుర్తుండని పిల్ల. గొంతు విప్పితే మాత్రం ఇంకో మనిషి. వాళ్ళ తాతయ్య చిన్నప్పుడు నేర్పిన మేలుకొలుపు పాటలు పాడేది. వెనకాల గేదె అరుపు వినపడేది, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడేది. అవేమీ పట్టించుకోకుండా కళ్ళు మూసుకుని పాడేది. చివర్లో, ఎవరింట్లో ఎవరికి బాగోలేదో పిల్లలు రాసి పంపితే ఆ పేర్లు ఒక్కొక్కటే చదివేది.

కొన్నాళ్ళకి పిల్లలు నాకు ఫోన్ చేయడం తగ్గించి ఆమెకి చేయడం మొదలుపెట్టారు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిందేమో గానీ, ఎక్కువగా ఊరటే. బెంబేలుపడిన పిల్లలతో నేనూ అనేదాన్ని, "లావణ్యని చూడండి, ఎంత నిబ్బరంగా ఉందో" అని.

ఆ రోజుల్లో నేను గమనించినవి ఒక దారిలో పెడదామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. రోజూ పూజ చేసుకునే ఒక అబ్బాయి, అమ్మకి జ్వరం రాగానే పూజలో ఏదో లోపం జరిగిందని అన్నం మానేశాడు. దేవుడి మాటెత్తితేనే విసుక్కునే ఇంకో అమ్మాయి, ఇంటిల్లిపాదీ మంచాన పడితే ఒంటిచేత్తో అందరికీ వండిపెట్టి, పరీక్షలు కూడా రాసింది. సరే, నమ్మకం వల్ల నష్టమే అనుకుందామంటే, తల్లిని పోగొట్టుకున్న ఒక పిల్లాణ్ణి ఆ పూట కాపాడింది వాళ్ళ మేనత్త పక్కన కూర్చుని చేసిన జపమే. అది నేను ఫోన్‌లో నా చెవులతో విన్నాను. డైరెక్టర్ గారు ప్రార్థన వల్ల ఒత్తిడి తగ్గిందో లేదో ఒక రిపోర్టు రాసివ్వమన్నారు. చాలాసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను.

మామిడి తోటలోంచి ఫోన్

రెండో వేవ్ వచ్చింది. మామిడి కోతల సమయం. ఒక మధ్యాహ్నం లావణ్య ఫోన్ చేసింది. ఇంట్లో అందరూ ఉంటారని తోటలోకి వచ్చి మాట్లాడుతోంది.

"మేడమ్, మీకొక మాట చెప్పాలి. ఎవరికీ చెప్పగూడదు."

"చెప్పను. చెప్పమ్మా."

"నాకు నమ్మకం లేదు మేడమ్."

"దేనిమీద?"

"దేవుడి మీద. తాతయ్య పోయినప్పుడే పోయింది. ఆయన్ని బ్యాగ్‌లో చుట్టి తీసుకెళ్ళిపోయారు గదా, మాకు చూపించలేదు. జీవితమంతా పాడాడు మేడమ్ ఆయన. ఆ రోజు నుంచీ నాకు లోపలేం లేదు. ఊరికే పాడుతున్నా."

 "పాడేటప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగాను.

 "ఊపిరి సరిగ్గా ఆడుద్ది మేడమ్. అంతే. ఆపగానే మళ్ళీ మామూలే."

అసలు సంగతి తర్వాత బయటపడింది. వాళ్ళ క్లాసులో ప్రవీణ్ అని ఒక అబ్బాయి. హనుమాన్ జంక్షన్‌లో వాళ్ళ నాన్నకి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. ఆయన విజయవాడలో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ప్రవీణ్ రోజూ లావణ్యకి ఫోన్ చేసి, నాన్న కోసం విడిగా ప్రార్థన చేయమని బతిమాలుతున్నాడు. ఈ పిల్ల చేస్తున్నానని చెబుతోంది.

"పొద్దున అందరి పేర్లతో పాటు ఆయన పేరూ చదువుతున్నా మేడమ్. విడిగా మాత్రం ఏం చేయట్లేదు. ఎవరికి చేయను? చేశావా అని అడిగితే చేశానంటున్నా. రేపు ఆయనకేమన్నా అయితే? నా వల్లేనని కాదు, అది నాకు తెలుసు. కానీ వాడు నన్ను నమ్ముకుని కూర్చున్నాడు మేడమ్. చెప్పేయనా?"

మా చదువులో ఇలాంటి చోట ఒక మాట నేర్పుతారు. అదే అన్నాను. "అది నువ్వే నిర్ణయించుకోవాలమ్మా."

"నిర్ణయించుకోలేకే గదా మేడమ్ మీకు ఫోన్ చేసింది," అంది, విసుగ్గా.

ఆ విసుగు న్యాయమైనదే. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి గట్టిగా చెబుతున్నాను, ఆ మాట వెనక దాక్కోకండి. తప్పో ఒప్పో మీకు అనిపించింది చెప్పండి. నాకు అప్పుడు అనిపించింది చెప్పాను. అబద్ధం మోస్తూ ఇంతమందిని మోయలేవు, అతనికి నిజం చెప్పు, కొద్ది రోజులు పాడటం ఆపి నువ్వు కాస్త తేరుకో అన్నాను. ఈనాటికీ ఆ సలహా మంచిదో చెడ్డదో నాకు తెలియదు.

పాట లేని పొద్దులు

లావణ్య ఆ సాయంత్రమే ప్రవీణ్‌కి చెప్పేసింది.  అతను వెంటనే ఫోన్ పెట్టేశాడట.

మర్నాడు ప్రార్థనకి ఆమె రాలేదు. డైరెక్టర్ గారు కంగారుగా ఫోన్ చేశారు. "ఆ పాప పాడటం లేదేమండీ? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది సార్. కొన్నాళ్ళు రెస్ట్ కావాలంది."

"పాత రికార్డింగ్ ఏదన్నా వేద్దామా?"

"వద్దు సార్."

"మరి పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు కదండీ."

ఆయన ఒక పని చేశారు. పాట రాదు కాబట్టి, కెమెరా ముందు కూర్చుని ఊరుకున్నారు. "ఇవాళ మనం ఊరికే కూర్చుందాం నాన్నా," అని చెప్పి, ఆ పది నిమిషాలూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరిచి అలాగే కూర్చున్నారు. రెండు నిమిషాల్లో అందరూ వెళ్ళిపోతారనుకున్నాను. ఒక్కరూ వెళ్ళలేదు. మర్నాడూ అంతమందే వచ్చారు. పాటా లేదు, మంత్రమూ లేదు. ఒక ముసలాయన కూర్చుని ఉంటే పిల్లలు చూస్తూ కూర్చున్నారు. ఇదేమిటో నాకు బోధపడలేదు.

ఆ వారంలోనే ప్రవీణ్ వాళ్ళ నాన్న పోయారు.

కర్మకాండలు అయ్యాక ప్రవీణ్ నాకు ఫోన్ చేశాడు. ముందు అటెండెన్స్ సంగతి ఏదో అడిగాడు. తర్వాత ఒక్కసారిగా, "మేడమ్, లావణ్య నిజంగా నమ్మి ప్రార్థన చేసుంటే మా నాన్న బతికేవాడా?" అన్నాడు.

"లేదు నాన్నా. అలా జరగదు," అన్నాను వెంటనే.

"మీకెట్లా తెలుసు?"

 నాకు తెలుసనే అనుకున్నాను. కానీ అతను అడిగిన తీరులో, ఆ 'లేదు' అన్న మాట అతనికి ఓదార్పూ కాలేదు, నిజంలానూ వినపడలేదు. ప్రార్థనతో పని లేదంటే, తాను రోజూ బతిమాలిన ఆ బతిమాలుకోవడమంతా ఏమైనట్టు? ఆ మాట అతను అనలేదు గానీ నాకు వినపడింది.

హనుమాన్ జంక్షన్

కాలేజీ తెరిచారు. లావణ్య, ప్రవీణ్ ఒకే క్లాసులో చెరో మూల కూర్చునేవాళ్ళని విన్నాను. లావణ్య మళ్ళీ ఎక్కడా పాడలేదు. ఫ్రెషర్స్ డే నాడు స్నేహితులు చెయ్యి పట్టి లాగినా స్టేజీ ఎక్కలేదు.

వాళ్ళ నాన్న సంవత్సరీకం దగ్గర పడుతుండగా ప్రవీణ్ నా గదికి వచ్చాడు. మనిషి చిక్కాడు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"మేడమ్, మా అమ్మ లావణ్యని పిలవమంటంది. పాడాలంట. నేను పిలిస్తే రాదు. మీరు తీసుకొస్తారా?"

"మీ అమ్మగారికి లావణ్య ఎలా తెలుసు?"

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. "తెలుసులే మేడమ్."

లావణ్యకి చెప్పాను. వద్దంటుందనుకున్నాను. గోళ్ళు చూసుకుంటూ, "మీరూ వస్తారుగా?" అంది.

ఇద్దరం బస్సులో వెళ్ళాం. ప్రవీణ్ వాళ్ళ ఇల్లు హైవే పక్కనే, షెడ్డు వెనకాల. షెడ్డులో లారీ ఒకటి బోనెట్ ఎత్తి ఉంది. ఇప్పుడు వాళ్ళ బాబాయి నడుపుతున్నాడట. లోపల బంధువులు, అరిటాకుల కట్టలు, వంటల వాసన. గోడకి దండ వేసిన ఫోటోలో ప్రవీణ్ వాళ్ళ నాన్న చేతికున్న వాచీ కనపడేట్టు నిలబడి నవ్వుతున్నారు.

ప్రవీణ్ వాళ్ళ అమ్మ లావణ్యని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనామ్మా! నీ పాట సంగతి ఇని ఇంకా పెద్దదానివి అనుకున్నా తల్లీ. ఇంత చిన్నపిల్లవా!"

లావణ్యకి అర్థం కాలేదు. "నా పాట మీరు విన్నారా ఆంటీ?"

"నేను కాదమ్మా, ఆయన. ఆస్పత్రిలో పక్కన ఎవర్నీ ఉండనిచ్చేవాళ్ళు కాదు గదా. వీడు ఆ లింకేదో ఫోన్లో పంపేవాడు. రోజూ పొద్దున్నే అది పెట్టుకునేవారు. నాకు ఫోన్ చేసి, ఇవాళ ఆ పాప నా పేరు చదివిందే అని చెప్పేవారు. పెద్ద ఆఫీసరు పేరు పెట్టి పిలిచినట్టు సంబరపడేవారమ్మా."

లావణ్య ముఖం పాలిపోయింది. ప్రవీణ్ గుమ్మం దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నాడు.

ఆవిడ మామూలుగానే, ఏ నిష్ఠూరమూ లేకుండా, అడిగింది. "చివర్లో ఆ నాలుగు రోజులూ రాలేదేమ్మా? ఎవరో పెద్దాయన వచ్చి ఊరికే కూర్చునేవారంట. పాప రాలేదేంటే, పాపకేమన్నా బాగోలేదేమో కనుక్కోమని నాతో అన్నారు."

ప్రవీణ్ గబుక్కున అందుకున్నాడు. "సిగ్నల్ లేదమ్మా వాళ్ళూళ్ళో. అప్పుడు గాలివాన వచ్చిందిగా."

"అవునా," అందావిడ.

అప్పుడు నాకు తెలిసింది, ఏడాదిపాటు ఈ అబ్బాయి లావణ్యతో మాట్లాడకపోవడం ఒక్క కోపం వల్లే కాదని. మాట్లాడితే, నాన్న ఆ పాట కోసం ఎదురుచూశాడన్న సంగతి ఎక్కడ నోరు జారి చెబుతానో అని భయపడ్డాడు. కోపమూ ఉందేమో. రెండూ ఉన్నాయేమో. నేను అడగలేదు.

లావణ్య మాత్రం ఆ గాలివానని ఒప్పుకోలేదు. "సిగ్నల్ ఉంది ఆంటీ," అంది మెల్లగా. "నాకే పాడబుద్ధి కాలేదు. మా తాతయ్య పోయాడు కరోనాకి. పాడినా లాభమేంటని ఆపేశా. అంకుల్ వింటున్నారని నాకు తెలీదు. తెలిస్తే ఆపేదాన్ని కాదు."

 ప్రవీణ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను లేచి, ఆపమన్నది నేనేనని చెప్పబోయాను. ఆవిడ ఆ పిల్ల చేతులు వదల్లేదు.

"తాతయ్యంటే ఆమాత్రం ఉంటదిగా తల్లీ," అంది. "ఇట్టా కూర్చో. మంచినీళ్ళు తాగు. తాగి పాడు."

లావణ్య పాడింది. మొదటి చరణంలో గొంతు బొంగురుపోయింది. రెండో చరణానికి దారిన పడింది. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. పాట చివర్లో, ఎవరూ అడక్కుండానే, ప్రవీణ్ వాళ్ళ నాన్న పేరు ఇంటిపేరుతో సహా చదివింది. ఆ వెంటనే వాళ్ళ తాతయ్య పేరు చదివింది. ప్రవీణ్ షెడ్డులోకి వెళ్ళి ఆ లారీ ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. వాళ్ళ బాబాయి అతని వీపు మీద చెయ్యి వేసి, పని చూస్తున్నట్టు ఇంజన్లోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

భోజనాలయ్యాక ప్రవీణ్ మమ్మల్ని బస్సు ఎక్కించాడు. లావణ్యతో, "రేపు ల్యాబ్ ఉంది, రికార్డ్ తెచ్చుకో," అన్నాడు. "నీదెక్కడ పూర్తయిందిలే," అని లావణ్య అంది. ఏడాది తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మాటలు అవి.

బస్సు గన్నవరం దాటింది. విజయవాడ ముందు వచ్చే రామవరప్పాడు రింగ్ దాకా లావణ్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మేడమ్, ఇందాక పాడుతుంటే ఎవరో వింటున్నట్టు అనిపించింది."

"ఎవరు?"

"దేవుడు కాదు. ప్రవీణ్ వాళ్ళ నాన్న. మా తాతయ్య కూడా." కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది. "దీన్ని నమ్మకం అంటారా మేడమ్? లేకపోతే నాకు నేనే చెప్పుకుంటన్నానా?"

అన్నేళ్ళ సర్వీసులో నేర్చుకున్న మాటలన్నీ వెతుక్కున్నాను. ఏదీ ఆ పిల్ల చేతిలో పెట్టదగ్గది కనపడలేదు.

"నాకు తెలీదమ్మా."

"నిజంగా తెలీదా? మీకు కూడానా?"

"నిజంగా తెలీదు."

ఆ పిల్ల నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. "అమ్మయ్య," అని సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. బస్టాండ్ వచ్చేదాకా హాయిగా నిద్రపోయింది.